రోడ్లు వెడల్పు - బతుకులు ఇరుకు

హైదరాబాదులో ట్రాఫిక్ ఆగితే రెండు రాష్ట్రాలూ వులిక్కిపడతాయి. హైటెక్ సిటీ దగ్గర ఒక వాన పడి కార్లు గంటల తరబడి నిలబడిపోతే టీవీలన్నీ అదే చూపిస్తాయి. మంత్రులు మాట్లాడతారు. ఇంజనీర్లు మాట్లాడతారు. అందరూ కలిసి చివరికి ఒకటే మందు రాస్తారు: ఇంకో ఫ్లైఓవరు, ఇంకో రింగు రోడ్డు, ఇంకో నాలుగు వరుసలు.

మా అన్నవరం చుట్టుపక్కల పేటల్లో వాన పడితే పిల్లలు బురదలో చెప్పులు చేతబట్టుకుని బడికి పోతారు. శవాన్ని మోసేవాళ్లు చేలగట్ల మీద జారుతూ శ్మశానానికి పోతారు. దాన్ని ఎవరూ ట్రాఫిక్ సమస్య అనరు. కార్లలో కూర్చున్నవాళ్లు ఆగితేనే ట్రాఫిక్ సమస్య. నడిచేవాళ్లు ఆగితే అది వాళ్ల ఖర్మ!

"హైదరాబాదు ట్రాఫిక్ గొడవ మన పత్రికలో ఎందుకండీ?" అని కొందరు మిత్రులు అడిగారు. ఎందుకంటే ఆ ఫ్లైఓవర్లకు సెంట్రింగ్ కట్టిందీ, రాడ్లు వంచిందీ, సిమెంటు మోసిందీ మన పేటల నుంచి వలసపోయిన వాళ్లే. ఆ రోడ్ల కింద పోయిన భూముల్లో మనలాంటి వాళ్ల డి.ఫారం పట్టా చెక్కలు వున్నాయి. పైగా అక్కడ రాసిన మందుచీటీనే ఇక్కడా తెచ్చి మన నెత్తిన పెడుతున్నారు. "రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుద్ది" అనే మాట వినడానికి ఎంతో బాగుంటుంది. ఎదురు చెప్పినోడు మూర్ఖుడిలా కనిపిస్తాడు. అందుకే ముందు ఆ మాట నిజమో అబద్ధమో తేల్చుకుందాం.

మన కళ్ల ముందు జరిగిందే

అన్నవరం కొండ పక్క నుంచి పోయేది పాత ట్రంకు రోడ్డు. మద్రాసు నుంచి కలకత్తా పోయే దారి. ఏళ్ల తరబడి అయిదో నెంబరు రోడ్డు అన్నాం. 2010లో నెంబర్లు మార్చి పదహారు చేశారు. ఒకప్పుడు రెండు లారీలు ఎదురుపడితే తప్పుకునేంత రోడ్డు. ఎడ్లబళ్లూ సైకిళ్లూ గేదెలూ బస్సులూ అన్నిటికీ అదే. ప్రమాదాలు అప్పుడూ జరిగేవి. పాత రోడ్డు స్వర్గమని మేం అనడం లేదు.

1999లో వాజపేయి ప్రభుత్వం స్వర్ణ చతుర్భుజి అంది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తా నగరాలు నాలుగింటినీ నాలుగు వరుసల రోడ్డుతో కలుపుతామంది. మన దగ్గరా చెట్లు పడ్డాయి, రోడ్డు పక్క పాకలు లేచాయి, మధ్యలో డివైడరు వచ్చింది. ఇక రద్దీ మాటే వుండదన్నారు.

కొన్నేళ్లు నిజంగానే రోడ్డు ఖాళీగా కనిపించింది. తర్వాతేమైంది? రోడ్డు బాగుందని లారీలు పెరిగాయి. రైల్లో పోయే సరుకు రోడ్డెక్కింది. పాసింజరు బండిలో వచ్చే యాత్రికుడు కారు మాట్లాడుకున్నాడు. ఇవాళ కార్తీక మాసంలో, పెళ్లి ముహూర్తాల్లో కొండ కింద బళ్లు బారులు తీరుతున్నాయి. మళ్లీ అదే మందు: ఆరు వరుసలు చెయ్యాలట!

ఒక్క సంగతి గమనించారా? అన్నవరం స్టేషనులో రైలు ఆగి వందల మంది దిగుతారు. రోడ్డు నిండదు. వాళ్లు నడిచో, ఆటోల్లోనో, బస్సుల్లోనో చెదిరిపోతారు. రెండు వందల కార్లు వచ్చి ఆగితే మాత్రం వూరంతా స్తంభించిపోద్ది. ఒక బస్సులో యాభై మంది కూర్చుంటారు. ఆ యాభై మందీ కారుకి ఇద్దరు చొప్పున వస్తే పాతిక కార్లు కావాలి. ఒక బస్సు మహా అయితే రెండు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. ఇది ఇంజనీరు చదువు కాదు, వేళ్ల మీద లెక్క. అంటే రోడ్డుని నింపేది జనం కాదు, కొద్దిమందిని మోసే బళ్లు.

రోడ్డుకి అవతల చేను, ఇవతల పేట వున్న ఒక ముసలామె మమ్మల్ని అడిగింది: "ఏం బాబూ, ఆ రోడ్డు ఇంకా పెద్దది చేత్తారంట గదా, మరి మేం దాటేదెలాగ?" రద్దీ లెక్కలు గట్టే ఆఫీసుల్లో ఈ ప్రశ్నకి గడి లేదు. బళ్లు గంటకి ఎన్ని పోతున్నాయో లెక్కిస్తారు. గడ్డిమోపుతో రోడ్డు పక్క నిలబడి, బళ్ల మధ్య సందు కోసం చూసే మనిషి ఎంతసేపు నిలబడిందో లెక్కించరు.

హైదరాబాదు చెప్పిన పాఠం

ఇప్పుడు పట్నం సంగతి చూద్దాం. శంషాబాదులో విమానాశ్రయం 2008లో వచ్చింది. అక్కడికి పోయేవాళ్లు సిగ్నళ్ల దగ్గర ఆగకూడదని మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే కట్టి 2009లో తెరిచారు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వేశారు. ఎనిమిది వరుసలు. 2008లో మొదటి ముక్క తెరిస్తే 2018కి పూర్తయింది. ఖర్చులో కొంత జపాను అప్పు. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. వ్యూహాత్మక రోడ్ల పథకం పేరుతో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వరసగా కట్టుకుంటూ పోయారు.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఔటర్ వచ్చాక వూరు దాటిపోయే లారీలు నగరం మధ్యలోకి రావలసిన పని తప్పింది. ఆ మేరకు మేలే. మరి నగరంలో రద్దీ తగ్గిందా? గచ్చిబౌలిలో, కొండాపూర్‌లో, మాదాపూర్‌లో అద్దెకి వుండే మన పిల్లల్ని అడగండి. పని దగ్గరికి నాలుగు కిలోమీటర్లు పోవడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లే చెబుతారు.

ఎందుకిలా అయ్యింది? ఔటర్ వేసింది ట్రాఫిక్ కోసమన్నారు. దాని అంచుల వెంబడి మొలిచింది మాత్రం రియల్ ఎస్టేటు. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ - ఒకప్పుడు చేలు, గుట్టలు, చెరువులు. ఇవాళ ఆకాశాన్నంటే టవర్లు. ఒక్కో ఫ్లాటుకి ఒకటో రెండో కార్లు. ఆ కార్లన్నీ పొద్దున్నే అదే గచ్చిబౌలికి రావాలి. రోడ్డు వేసి నగరాన్ని పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరం లాగారు. దూరం పెరిగింది కాబట్టి బండి కావలసి వచ్చింది. బండి వచ్చింది కాబట్టి రోడ్డు చాలలేదు. రోడ్డు చాలలేదు కాబట్టి ఇప్పుడు ఇంకా అవతల, దాదాపు 340 కిలోమీటర్ల ప్రాంతీయ రింగు రోడ్డు అంటున్నారు. దాని మీద భూములు పోతాయని రైతులు కలెక్టరాఫీసుల ముందు కూర్చుంటే, ఔటర్ మాత్రం 2023లో 7,380 కోట్లకి ముప్ఫై ఏళ్లపాటు ఒక ప్రైవేటు కంపెనీ చేతికి పోయింది. భూమి జనానిది, అప్పు జనానిది, టోలు మాత్రం కంపెనీది!

కాలవ చూసినోడికి చెప్పాలా?

గోదావరి జిల్లాల వాళ్లం. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవల సంగతి మనకొకరు చెప్పనక్కర్లేదు. శివారు చేలకి నీళ్లందడం లేదని కాలవ వెడల్పు చేస్తారు. ఏమవుద్ది? పైన వున్న మోతుబరి అపరాలు వేసే చేను కూడా వరి చేస్తాడు. ఒక పంట వేసేవాడు రెండో పంటకి దిగుతాడు. చేపల చెరువు తవ్వేవాడు ఇంకో తూము పెడతాడు. నీళ్లు పెరిగాయి, వాడకం అంతకి అంతా పెరిగింది. శివారు చేను మళ్లీ బీడే. వంతులు పెట్టకుండా, పై వాడి తూము కట్టకుండా కాలవ ఎంత వెడల్పు చేసినా శివారుకి నీళ్లు రావు.

రోడ్డూ అంతే. ఇరుగ్గా వున్నప్పుడు కొందరు బస్సెక్కుతారు, కొందరు రైలెక్కుతారు, కొందరు రద్దీ లేని వేళ చూసుకుని పోతారు, కొందరు పని దగ్గరే ఇల్లు చూసుకుంటారు. రోడ్డు వెడల్పయ్యిందనగానే వీళ్లంతా బండి తీసి దాని మీదకి వస్తారు. కొత్త వరుసలు కొత్త బళ్లని పిలుస్తాయి. కొన్నాళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. తేడా ఒక్కటే: ముందు రెండు వరుసల్లో ఆగేవాళ్లు, ఇప్పుడు ఆరు వరుసల్లో ఆగుతారు.

ఇది మేం పేటలో కూర్చుని అల్లిన కథ కాదు. 1962లోనే ఆంథొనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త ఈ సంగతి రాశాడు: పెద్ద నగరాల్లో ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఎంత వెయ్యి, రద్దీ వేళకి అది నిండి తీరుతుందని. 2011లో దురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆచార్యులు అమెరికా నగరాల లెక్కలన్నీ తీసి చూశారు. పెద్ద రోడ్ల పొడవు ఎంత శాతం పెరిగితే బళ్ల తిరుగుడూ ఇంచుమించు అంత శాతం పెరిగిందని తేల్చారు. టెక్సాస్‌లో హ్యూస్టన్ అని ఒక నగరం. మన తెలుగు వాళ్లు చాలామందే వున్నారక్కడ. ఆ వూళ్లో కేటీ ఫ్రీవే అనే రోడ్డుని 2008కల్లా సర్వీసు రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా వెడల్పు చేశారు. దాదాపు 280 కోట్ల డాలర్లు పోశారు. 2011 నుంచి 2014 లోపల అదే రోడ్డు మీద సాయంకాలం ప్రయాణానికి పట్టే సమయం సగానికి పైగా పెరిగింది. 26 వరుసలు చాలని చోట మన ఆరు వరుసలు చాలతాయా?

దక్షిణ కొరియా రాజధాని సియోల్ దీనికి ఎదురు పని చేసింది. నగరం మధ్య వాగుని కప్పేసి దాని మీద కట్టిన ఎత్తు రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కి వాగుని మళ్లీ పారించింది. నడుమ 2004లో బస్సుల ఏర్పాటంతా మార్చి పెంచింది. రోడ్డు పోతే నగరం ఆగిపోతుందన్నారు. ఆగలేదు. జనం బస్సెక్కారు, రైలెక్కారు.

బళ్లకీ కులం వుంది

అయ్యా, ఔటర్ రింగు రోడ్డుని ఒకసారి మన కళ్లతో చూడండి. ఆ ఎనిమిది వరుసల మీద మోటారు సైకిలు ఎక్కకూడదు. ఆటో ఎక్కకూడదు. సైకిలు ఎక్కకూడదు. నడిచేవాడి వూసే లేదు. వాళ్లందరికీ కింద సర్వీసు రోడ్డు. ప్రమాదాలు జరక్కుండా వుండాలంటే వేగంగా పోయే కార్లనీ నెమ్మదిగా పోయే వాళ్లనీ విడదియ్యాలంటారు. మంచిదే. అలా విడదీసినప్పుడు డబ్బంతా పై రోడ్డుకే ఎందుకు పోయింది? కింది రోడ్డు గుంటలతో, నీళ్లతో, వీధి దీపం లేకుండా ఎందుకు మిగిలింది?

మన తాతలు ఆసాముల వీధిలోంచి నడవాలంటే చెప్పులు చేతబట్టుకున్నారు. కొన్ని వీధుల్లోకి అసలు రాకూడదు, చుట్టూ తిరిగి పోవాలి. ఇవాళ రోడ్డు మీద కారు అగ్రహారీకుడు. లారీ కోమటి సరుకు మోస్తాది. మోటారు సైకిలూ ఆటో అంచున పోవాలి. సైకిలూ కాలినడకా వెలివాడ! చాతుర్వర్ణం వేదాల్లోంచి దిగి తారురోడ్డెక్కిందంటే అబద్ధమా?

లెక్కలు చూడండి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వంద కుటుంబాలుంటే కారో జీపో వ్యానో వున్నవి అయిదు కూడా లేవు. మోటారు సైకిలూ స్కూటరూ వున్నవి 21. సైకిలున్నవి దాదాపు 45. ఆ తర్వాత బళ్లు పెరిగిన మాట నిజమే. అయినా కారున్న వాళ్లకంటే లేనివాళ్లే ఇప్పటికీ ఎంతో ఎక్కువ. ఆ కొద్దిమంది వేగం కోసమే వేల కోట్లు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులుంటే, చావుల్లో మూడో వంతుకి పైగా వాటి మీదే. చచ్చినవాళ్లలో మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లూ నడిచేవాళ్లూ కలిపితే నూటికి అరవై పైమాటే. సుఖం ఒకరికి, చావు ఒకరికి!

కేంద్ర ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా? తెలుసు. 2006లో తనే జాతీయ పట్టణ రవాణా విధానం అని ఒకటి ప్రకటించింది. కదిలించాల్సింది బళ్లని కాదు, మనుషుల్ని అని అందులోనే వుంది. కాగితం మీద మనుషులు, బడ్జెట్టులో కార్లు.

బస్సుల గతి చూడండి. హైదరాబాదులో 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీ బస్సులు తగ్గించారు. జనం పెరిగే నగరంలో బస్సులు తగ్గితే వాళ్లు ఏం చేస్తారు? అప్పో సప్పో చేసి మోటారు సైకిలు కొంటారు. ఆ మోటారు సైకిళ్లని చూపించి రద్దీ అంటారు, ఫ్లైఓవరు కడతారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు వుచితం చేశారు. మన అక్కచెల్లెళ్లకి అది పెద్ద మేలు, కాదనం. కూలికి పోయే మనిషికి రోజుకి మిగిలే ఆ టికెట్టు డబ్బులు కూరకి సరిపోతాయి. కానీ టికెట్టు తీసేసినంత తేలిగ్గా బస్సులు పెంచారా? తుని నుంచి వచ్చే బస్సుకి తలుపులో వేలాడే జనాన్ని చూసినోడెవడూ పెంచారని చెప్పలేడు.

సంక్రాంతికి ఏటా జరిగే తంతు తెలిసిందే. హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే రోడ్డుని 2012కి నాలుగు వరుసలు చేశారు. అయినా భోగికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ బారులు. దాన్ని చూపించి ఆరు వరుసలు కావాలంటున్నారు. అదే రోజుల్లో మన తాపీమేస్త్రీలూ, సెంట్రింగ్ కూలీలూ రైలు జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి, మరుగుదొడ్డి తలుపు దగ్గర ముడుచుకుని వస్తున్నారు. వాళ్లకి ఇంకో రెండు బోగీలు తగిలించమని ఏ ఛానలూ అరవదు. రోడ్డు మీద ఆగిన కారు వార్త, బోగీలో వూపిరాడని మనిషి వార్త కాదు.

గీత ఎవరి చేను మీద పడుద్ది?

రోడ్డు ఆకాశంలో వెయ్యరు, భూమి మీదే వేస్తారు. ఆ భూమి ఎవరిది? మ్యాపు మీద గీత గీసేవాడి చేతికి కులం లేదంటారు. అయితే గీత ఆసామి రైస్ మిల్లు దగ్గరికొచ్చేసరికి వంకర తిరిగి పేట మీదకీ, పోరంబోకు పాకల మీదకీ, డి.ఫారం పట్టా భూముల మీదకీ ఎందుకు పడుతోంది? పలుకుబడి వున్నవాడికి గీత ముందే తెలుస్తుంది. హైదరాబాదు ఔటర్ గీత పెద్దల భూములు తప్పించుకుంటూ వంకర్లు తిరిగిందని అప్పట్లో ఎంత గొడవ జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే వుంటుంది. డి.ఫారం పట్టా వాడికి గీత ఎప్పుడు తెలుస్తుంది? చేలో రాళ్లు పాతిన రోజున.

ఇది మనకొక్కరికే జరిగిందనుకోకండి. 1956లో మన పార్లమెంటు జాతీయ రహదారుల చట్టం చేసింది. అదే ఏడు అమెరికా తన పెద్ద రహదారుల చట్టం చేసింది. ఆ చట్టం కింద రోడ్లు వేసినప్పుడు గీతలు ఎక్కడ పడ్డాయో తెలుసా? డెట్రాయిట్‌లో నల్లవాళ్ల పేట బ్లాక్ బాటమ్ మీద. సెయింట్ పాల్‌లో నల్లవాళ్ల పేట రోండో మీద. మయామీలో ఓవర్‌టౌన్ మీద. ఇళ్లూ, చర్చీలూ, అంగళ్లూ లేచిపోయాయి. దూరంగా తోట ఇళ్లలో వుండే తెల్లవాళ్లు కార్లలో నగరానికి రావడానికి నల్లవాళ్ల నడిబొడ్డు మీద నుంచి దారి వేశారు. ఆ నగరాల్లో రద్దీ ఇవాళ్టికీ తగ్గలేదు. పేటలు మాత్రం తిరిగి రాలేదు. దేశాలు వేరు, కథ ఒక్కటే.

"మీరు అభివృద్ధికి అడ్డం"

ఈ మాట వినీ వినీ చెవులు తుప్పుపట్టాయి. జవాబు చెబుతాం.

రోడ్డంటే మనకి పడదని కాదు. రోడ్డు మీద నడిచే హక్కు కోసమే కొట్లాడిన జాతులం మనం. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి ఎడ్లబండెక్కి, మనవాళ్లు రాకూడదన్న రాజబాట మీద దర్జాగా పోయాడు. 1924లో వైకోంలో జనం జైళ్లకి పోయింది గుడి చుట్టూ వున్న రోడ్ల మీద నడవడం కోసం. అలాంటి మనకి రోడ్డు విలువ ఒకరు నేర్పాలా?

రోడ్డే లేని వూరికి రోడ్డు వెయ్యడం వేరు, నిండిన రోడ్డుకి పదో వరుస వెయ్యడం వేరు. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ పథకం కింద తారురోడ్డు పడిన పల్లెల్లో పురిటి నొప్పుల మనిషి ఆస్పత్రికి చేరింది, పిల్ల హైస్కూలుకి పోయింది. అలాంటి రోడ్డు ఇంకా పడని పేటలు, ఏజెన్సీ గూడేలు వున్నాయి. అక్కడ వెయ్యండి, మేమే వచ్చి గంప మోస్తాం.

"అంబులెన్సు ఆగిపోతోంది కదా" అంటారు. ఆగుతోంది నిజమే. ఎవరి మధ్య ఆగుతోంది? ఒక్కొక్కరు కూర్చున్న కార్ల మధ్య. బస్సుకి ఒక వరుస కేటాయిస్తే దాంట్లోనే అంబులెన్సూ పోతుంది.

"రోడ్డొస్తే భూముల ధర పెరుగుతుంది కదా" అంటారు. పెరుగుద్ది. ఎవరి చేతిలో మిగిలిన భూమికి? మన చెక్క రోడ్డు కింద పోయాక, పక్కనున్న ఆసామి పదెకరాలకి. డి.ఫారం పట్టా భూమి అమ్ముకోడానికి 1977 చట్టం ఒప్పుకోదని ఏళ్ల తరబడి మనల్ని కట్టేశారు. ఆ చట్టం మన మేలు కోసమే వచ్చింది. కానీ ధర పెరిగిన రోజున ఆ లాభం మన గడపలోకి రాలేదన్నదీ నిజమే.

ఏం చెయ్యాలి?

మిత్రులారా, కోపం ఒక్కటే చాలదు. ఆరు వరుసల గీత మన పేట దాకా వచ్చిన రోజున చేతిలో పెట్టుకోవలసినవి కొన్ని వున్నాయి.

జాతీయ రహదారికి భూమి తీసుకోవాలంటే ముందు గెజిటులో ప్రకటన వెయ్యాలి. రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, సారాంశం వెయ్యాలి. గెజిటులో పడిన నాటి నుంచి 21 రోజుల్లో భూమిదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ ఇరవై ఒక్క రోజులే మన ఆయువుపట్టు. పత్రిక పేటకి రాదని వాళ్లకి తెలుసు. అందుకని ప్రతి పేటలో చదువుకున్న ఇద్దరు పిల్లలు ఆ ప్రకటనలు చూసే పని పెట్టుకోవాలి. సర్వే నెంబర్లు చూసి పేటలో చదివి వినిపించాలి.

"డి.ఫారం పట్టా కదా, సర్కారు భూమే కదా, నష్టపరిహారం ఏమిటి?" అని ఎవరైనా గద్దిస్తే తగ్గకండి. సొంత పట్టా వాళ్లతో సమానంగా ఇవ్వాలని 2004లోనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదార్లూ కూలీలూ కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. బలవంతంగా భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే సొలేషియం సొమ్ము 1997 నుంచి రహదారుల చట్టంలో ఎగ్గొట్టారు. అలా ఎగ్గొట్టడం రాజ్యాంగ విరుద్ధమని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత నాలుగు వరుసల రోడ్డుకి భూములు పోయినవాళ్లు ట్రంకు పెట్టెలో కాగితాలుంటే తీసి వకీలుకి చూపించండి.

భూమికి డబ్బులొస్తే చాలనుకుంటే మాత్రం మోసపోతాం. అసలు ప్రశ్న వదలకూడదు. ప్రజాభిప్రాయ సభ పెట్టినా, అధికారి వూళ్లోకొచ్చినా లేచి అడగండి: ఈ రోడ్డు వెడల్పు చేశాక ఎన్నేళ్లకి మళ్లీ నిండుద్ది? ఇదే డబ్బుతో ఎన్ని బస్సులొస్తాయి? పాసింజరు రైలుకి ఎన్ని బోగీలొస్తాయి? బళ్లు లెక్కించారు సరే, రోడ్డు దాటే మనుషుల్ని లెక్కించారా? పేటకీ చేనుకీ మధ్య అండర్‌పాస్ ఎక్కడ పెడుతున్నారు? దాంట్లో వానాకాలం నీళ్లు నిలవకుండా చేసే బాధ్యత ఎవరిది? శ్మశానానికి దారి ఏది?

హైదరాబాదులో వున్న మన మేస్త్రీలకీ, కూలీలకీ, ఇళ్లల్లో పనిచేసే అక్కలకీ ఒక మాట. మీరు వుండే బస్తీలోంచి ఫ్లైఓవరు గీత పోతే దాన్ని మీ ఒక్కరి కష్టంగా చూడకండి. బస్సులు పెంచండి, నడిచే దారి ఇవ్వండి, పని దగ్గరే పేదోడికి ఇల్లు ఇవ్వండి అని అడగండి. పని దగ్గర ఇల్లుంటే రోడ్డే అక్కర్లేదు. నగరాన్ని కట్టినోడు నగరానికి ముప్ఫై కిలోమీటర్ల అవతల పడుకుని, మూడు బస్సులు మారి పనికి రావడమేమిటి?

కాలవ వెడల్పు చేసేవాడు శివారు రైతు పేరు చెప్పి నిధులు తెస్తాడు. రోడ్డు వెడల్పు చేసేవాడు జనం పేరు చెప్పి నిధులు తెస్తున్నాడు. శివారు మనం, ఆ జనమూ మనమే. మన పేరు మీద జరిగే పనికి లెక్క అడిగే హక్కు మనకుంది.

ఆరు వరుసలు కొలిచే టేపు పట్టుకుని ఎవరైనా పేటకి వస్తే ఆ ముసలామె ప్రశ్న ముందు అడగండి. మేం దాటేదెలాగ? దానికి జవాబు చెప్పాకే రాయి పాతనివ్వండి.

జై భీమ్!